ఎండుచేపల వాసన, ఎర్రముక్కు మనుషులు

మొన్న ఆదివారం కూరగాయలకని వెళ్ళి, ఎండుచేపలు అమ్మే ఆమె ముందు ఊరికే నిలబడిపోయాను. గోనెపట్టా మీద నెత్తళ్ళు కుప్పగా పోసింది, పక్కన ఎండు కవళ్ళు, ఒక మూల కాస్త రొయ్యపొట్టు. "ఎంత కావాల సార్?" అని రెండుసార్లు అడిగింది, నేను పలకలేదు. ఆ వాసన నన్ను తీసుకెళ్ళి బెల్జియంలో ఒక చిన్న ఊళ్ళో, మార్చి నెల చలిలో, రాళ్ళు పరిచిన వీధిలో నిలబెట్టేసింది. తెల్ల ముసుగు మనిషి ఒకడు గాలం కర్రకి ఎండుచేపను కట్టి నా ముక్కు కింద ఆడిస్తున్నాడు, మా ఓనరమ్మ పక్కన నిలబడి పడీపడీ నవ్వుతోంది.

ఆవిడ పోయి చాన్నాళ్ళయింది. వాళ్ళమ్మాయి పంపిన నాలుగు లైన్ల మెయిల్ చదివిన రోజు నాకు ఏమీ రాయబుద్ధి కాలేదు. ఆ ఎండుచేపల పుణ్యమా అని ఇవాళ కూర్చున్నాను.

ఆఫీసు పనిమీద బెల్జియంలోని లియేజ్ నగరంలో మూడేళ్ళున్నాను. మ్యూజ్ నదికి రెండు వీధుల అవతల ఆవిడ ఇల్లు, పైన ఒక గది నాకు అద్దెకిచ్చింది. "మదామ్" అని పిలిచేవాణ్ణి, మూడేళ్ళూ అదే పిలుపు. నా ఫ్రెంచ్ అరకొర, ఆవిడకి ఇంగ్లీష్ బొత్తిగా రాదు, అయినా ఆదివారం పొద్దున్నే కింద నుంచి వాఫుల్ కాలుతున్న వాసన వచ్చిందంటే నేను దిగి రావాలని అర్థం. లియేజ్ వాఫుల్‌లో పిండిలోనే పలుకు పంచదార వేస్తారు, అది పెనానికి అంటుకుని మాడీమాడనట్టు కరుగుతుంది, మన ఇంట్లో పాకం కాస్త ముదిరినప్పుడు వచ్చే వాసన. అమ్మ అరిసెలు చేసే రోజు గుర్తొచ్చేది నాకు. అక్కడ కూర్చుని ఆవిడ చెప్పే కబుర్లు సగం అర్థమై, సగం అర్థం కాక వినేవాణ్ణి.

మొదటి ఏడాది ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక బుధవారం సాయంత్రం ఆవిడ నుదుటి మీద బూడిద మరకతో ఇంటికొచ్చింది. విభూది బుధవారం అన్నమాట. నాకు వింతగా ఏమీ అనిపించలేదు, విభూది పెట్టుకోవడం మనకు కొత్త కాదు కదా. ఆ రోజు నుంచి ఈస్టర్ దాకా 40 రోజులు, మధ్యలో వచ్చే ఆదివారాలు లెక్కలోకి రావట, తపస్సు కాలం. ఆవిడ చాక్లెట్ మానేసింది, రోజూ సాయంత్రం తాగే ఒక చిన్న గ్లాసు పెకెట్ కూడా మానేసింది. పెకెట్ అంటే అక్కడివాళ్ళు జునిపర్ కాయలతో కాచే సారా. శుక్రవారాలు మాంసం లేదు, చేపే. మా అవ్వ కార్తీక మాసంలో ఉండే పద్ధతులు చెప్తే ఆవిడ చెంచా చేతిలో పట్టుకునే తల ఊపుతూ విన్నది, అన్నీ తెలిసినదానిలా.

"మూడు వారాలు ఓపిక పట్టు, నిన్ను మా ఊరికి తీసుకెళ్తా" అంది. "ఉపవాసాల మధ్యలో ఒక్కరోజు దేవుడే నవ్వుకోమంటాడు."

ఆ రోజు పేరు లేతారే. తపస్సు కాలంలో నాలుగో ఆదివారం. చర్చిలో ఆ పూట ప్రార్థన "ఆనందించు" అనే లాటిన్ మాటతో మొదలవుతుంది, అదే పేరైంది. మిగతా ఆదివారాలు ఊదారంగు వస్త్రాలు వేసుకునే ఫాదర్ ఆ ఒక్కరోజూ గులాబీ రంగు వేసుకుంటాడు. కార్నివాల్ అంటే మామూలుగా ఉపవాసాలు మొదలవక ముందే తినీ తాగీ ఊరేగేది. ఆవిడ ఊరికి పక్కనున్న మాల్మెడి వాళ్ళు అలాగే విభూది బుధవారానికి ముందే ముగించేస్తారు, అక్కడ పొడవాటి చెక్క పటకారు పట్టుకున్న వేషాలు జనాన్ని కాళ్ళో మెడలో దొరకబుచ్చుకుని, మోకాళ్ళ మీద క్షమాపణ అడిగితేగాని వదలవు. ఆవిడ పుట్టిన స్టావ్‌లో అనే ఊళ్ళో మాత్రం ఉపవాసాల నడిమధ్యలో చేస్తారు. ఈ రెండు ఊళ్ళకీ పాత పోటీ ఉందని ఆవిడ గొంతులోనే తెలిసేది.

లియేజ్ పెద్ద స్టేషన్‌లో రైలెక్కి గంటసేపు. దక్షిణానికి వెళ్ళేకొద్దీ కొండలు దగ్గరికొస్తాయి, అంబ్లేవ్ నది కాసేపు కుడి పక్క, కాసేపు ఎడమ పక్క. "మూడు వంతెనలు" అని పేరున్న స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి, స్టావ్‌లోకి ఇప్పుడు రైలు లేదు. ఆ గంటలో ఆవిడ నాకు ఊరి కథలు రెండు చెప్పింది.

మొదటిది తోడేలు కథ. దాదాపు 650 ప్రాంతంలో రెమాకల్ అనే సాధువు ఆ అడవిలో మఠం కట్టించడానికి వచ్చాడు. రాళ్ళు మోసే ఆయన గాడిదని తోడేలు తినేసింది. ఆయన దాన్ని చంపలేదు, మెడకి పట్టెడ వేసి, గాడిద మొయ్యాల్సిన రాళ్ళు దాని చేత మోయించాడు. ఊరి ముద్ర మీద ఇప్పటికీ ఆ తోడేలు ఉంటుంది.

రెండోది మేము చూడబోయే మనుషుల కథ. ఆ మఠాధిపతులు సన్యాసులు మాత్రమే కాదు, ఆ చుట్టుపక్కలకి రాజులు కూడా. సుమారు 500 ఏళ్ళ కింద ఒక మఠాధిపతి, సన్యాసులు ఊరి సంబరాల్లో కలవకూడదని ఆజ్ఞ వేశాడు. అంతకుముందు వాళ్ళూ జనంతో కలిసి ఆడేవాళ్ళట. ఆ తర్వాత ఊరివాళ్ళు ఏం చేశారు, తామే సన్యాసుల అంగీలు వేసుకుని, మొహాలకి ముసుగులు తగిలించుకుని వీధిలోకి వచ్చారు. "మీ సన్యాసుల్ని మీరు ఆపారు, మేము తెచ్చుకున్నాం" అన్నట్టు. అది కూడా కుదరదని పైనుంచి మాట వస్తే, సన్యాసి అంగీ వదిలేసి ఉత్త తెల్ల గుడ్డ, నెత్తిన ముసుగు, మొహానికి ఇంత పొడుగు ఎర్రముక్కు పెట్టుకున్నారు. ఇక దాన్ని ఎవరు మాత్రం ఏమని నిషేధిస్తారు? వాళ్ళనే బ్లాన్ మూసీలు అంటారు. అక్కడి వాలూన్ భాషలో తెల్లబట్టలు తొడుక్కున్నవాళ్ళు అని. మూసీ అనగానే నా బుర్రలో హైదరాబాద్ మెదిలింది, ఆవిడకి మా నది సంగతి చెప్పాను, చాలా సంతోషపడింది.

నేను కథ వింటూ తిరుపతిలో ఉన్నాను. పాలెగాడు, గంగమ్మ, వేషాలు. అదెలా చెప్పాలో ఆవిడకి ఫ్రెంచ్‌లో మాటలు కుదరక కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఊరేగింపు. బండ్లు, బాజాలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన బృందాలు, అదంతా బాగుంది కానీ ఎక్కడైనా చూడొచ్చు. జనం కళ్ళు వెనక్కే ఉన్నాయి. ఒక్కసారిగా పిల్లలు తల్లుల కోట్ల వెనక్కి దూరారు. తెల్లగా, గుంపుగా, వీధి నిండా వచ్చారు వాళ్ళు. మాట్లాడరు. గొంతులోంచి ఒకరకమైన గుర్రు మాత్రం చేస్తారు. ముసుగు మీద గీసిన నవ్వు అందరిదీ ఒకటే, లోపలి మనిషి ఎవరో తెలియదు. చేతుల్లో కర్రలు, కర్రలకి ఊది ఎండబెట్టిన పంది ఉచ్చబుడ్డలు. వాటితో నెత్తిమీద కొడతారు. దెబ్బ తగలదు, చప్పుడు మాత్రం డప్పు మీద ఒక్కటిచ్చినట్టు వస్తుంది. కొంతమంది నిచ్చెనలేసుకుని పై అంతస్తు కిటికీల దాకా ఎక్కి లోపలున్నవాళ్ళ మీద రంగు కాగితం ముక్కలు గుమ్మరిస్తారు. యంత్రాలతో కూడా ఎగజిమ్ముతారు, కాసేపటికి వీధి కనపడదు, నోరు తెరిస్తే కాగితమే.

ఆ గాలం కర్రలు ఉన్నాయే, వాటి చివర ఎండబెట్టిన హెరింగ్ చేప. ఉపవాస కాలమంతా చేప తిని తిని విసిగిన జనానికి ఆ చేపనే మూతికి రాస్తారన్నమాట. నా ముందు ఆగినవాడు నేను తల ఎటు తిప్పితే అటు తిప్పాడు. చివరికి అది నా కోటు కాలర్‌కి తగిలింది. లియేజ్‌కి తిరిగొచ్చాక ఆ కోటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా వారం దాకా ఆ వాసన వదల్లేదు.

ఇంకోటి చెప్పాలి. చిన్న చిన్న పోస్టర్లు తయారు చేసుకుని వస్తారు, ఆ ఏడాది ఊళ్ళో ఎవరు ఏం వెధవపని చేశారో వాటి మీద ఉంటుంది. తీసుకొచ్చి వాళ్ళ కిటికీకో కొట్టు అద్దానికో అంటించి పోతారు. ఒక షాపు ముందు పదిమంది గుమిగూడి చదువుతున్నారు, షాపాయన కూడా వాళ్ళలో నిలబడి, తన గురించే రాసినది చదువుకుని చెవులు ఎర్రబడేలా నవ్వుతున్నాడు. "ఏడాదంతా మొహం మీద అనలేనివి ఇవాళ గోడ మీద పెడతాం" అంది మా మదామ్. "రేపు ఆయన దగ్గరే రొట్టె కొనుక్కుంటాం."

అప్పుడు నాకు ఆవిడకి గంగమ్మ సంగతి చెప్పే దారి దొరికింది.

మాది తిరుపతి. మే నెల ఎండల్లో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు, డప్పు దరువు వీధి చివర మొదలై దగ్గరికొస్తుంటే అవ్వ తలుపు తీసి చేతులు జోడించేది. చాటింపు అయ్యాక ఊరి పొలిమేర దాటకూడదు, జాతర అయ్యేదాకా అంతే. బస్సెక్కాల్సినవాళ్ళు ముందే ఎక్కెయ్యాలి, లేదంటే ఉండిపోవాలి. ఆ వారం ఊళ్ళో చిక్కుకుపోవడం మా పిల్లకాయలకి పండగే.

బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్లసుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గు. శనివారం దొర వేషం, చందనం. ఆ తర్వాత మాతంగి, సున్నపుకుండలు, ఆఖరున పేరంటాలు. ఏడేళ్ళప్పుడు నాకు బైరాగి వేషం వేశారు. తెల్లసుద్ద ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటుంది, నవ్వితే బుగ్గ మీద పగులుతుంది, అందుకని నవ్వకుండా నడవాలని నేనూ మా పక్కింటి వాడూ పందెం వేసుకున్నాం. చేతిలో వేపమండ. గుడి దాకా కాళ్ళు కాలిపోయాయి, ఇళ్ళ ముందు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోశారు, సుద్దంతా మరకలు మరకలుగా కారింది. బండ వేషం రోజు బూతులు తిట్టేవాళ్ళు. మామూలు రోజుల్లో నోటి నుంచి ఒక మాట జారితే కారం పెడతానని బెదిరించే మా అవ్వ, ఆ రోజు మగపిల్లలు అమ్మవారిని బండబూతులు తిడుతుంటే చెవులు మూసుకోదు సరికదా, "గట్టిగా తిట్టండిరా, చల్లబడతాది తల్లి" అనేది.

దీని వెనక కథ తిరుపతిలో ఎవరినడిగినా చెప్తారు. ఊరిని ఏలే పాలెగాడు కంటపడ్డ ఆడపిల్లనల్లా చెరబట్టేవాడు. అవిలాలలో కైకాల వాళ్ళింట పెరిగిన గంగమ్మ చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఆమె తన అసలు రూపం చూపించింది, వాడు పారిపోయి దాక్కున్నాడు. అప్పుడు ఆమె రోజుకో వేషం వేసుకుని వెతికింది, తిట్టింది, రెచ్చగొట్టింది, వాడు బయటికి రాలేదు. నాలుగో రోజు దొర వేషంలో వస్తే, తన పైదొర వచ్చాడనుకుని దణ్ణం పెట్టడానికి వచ్చాడు, తల తీసేసింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది. నాకు ఆ కథలో ఆ చివరిది చాలా ఇష్టం, ఇప్పటికీ.

ఇదంతా నా అరకొర ఫ్రెంచ్‌లో, ఒక కాఫీ షాపు మూల, కాగితం ముక్కలు తేలుతున్న సూప్ ముందు పెట్టుకుని చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కటే అడిగింది. "మీ నాన్న కూడా వేషం వేశాడా?"

వేశాడు. ఒక ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గితే మొక్కు తీర్చుకోవడానికి అమ్మ పట్టుచీర కట్టుకుని, జడ పెట్టుకుని, కళ్ళకి కాటుక పెట్టుకుని గుడికి నడిచాడు. ఆ ఊళ్ళో ఆ వారం ఎంతోమంది మగవాళ్ళు అలాగే చీరలు కట్టుకుని వస్తారు, అదొక మొక్కు. నేను మాత్రం గుంపులో తప్పిపోయానని ఏడుస్తున్నాను, నాన్న పక్కనే ఉన్నాడు. ఎన్నిసార్లు "నేన్రా" అన్నా నమ్మలేదు. చివరికి చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి ఎడమ పాదం చూపించాడు. సైకిల్ చైన్‌లో పడి నలిగిన బొటనవేలు, గోరు నల్లగా, వంకరగా. ఆ వేలు పట్టుకుని ఏడుపు ఆపానట. అమ్మ జన్మంతా చెప్పుకుంది ఈ మాట.

మదామ్ అది విని ఏమీ అనలేదు, కిటికీలోంచి వీధి వైపు చూపించింది. "అదిగో, అక్కడ ఒకడు నిచ్చెన దిగుతున్నాడు చూడు. వాడు మా తమ్ముడు."

"ఎలా తెలిసింది?"

"బూట్లు చూడు. ముందు కుట్లు విడిపోతే నేనే మోచీ దగ్గర వేయించాను, దారం రంగు కుదర్లేదు."

వాడు మాకు ఎదురుగా వచ్చినప్పుడు ఆవిడ తెలియనట్టే నిలబడింది. ఆయన కూడా తెలియనట్టే ఉచ్చబుడ్డతో ఆవిడ నెత్తిమీద ఒక్కటిచ్చాడు. పలకరిస్తే వేషం పోతుందట. సాయంత్రం ఆయన ఇంటికే వెళ్ళి భోంచేశాం, బ్లాన్ మూసీల ఊసే ఎత్తలేదు ఇద్దరూ. హాల్లో తలుపు వెనక తడి బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. గోధుమరంగు తోలు, నల్ల దారం.

ఆ తమ్ముడు యుద్ధం తర్వాత పుట్టినవాడు. ఆవిడ ముందు పుట్టింది. 1944 డిసెంబరులో జర్మన్ సైన్యం ఆ ఊరి మీదుగా నది దాటాలని వచ్చినప్పుడు ఆవిడకి ఏడేళ్ళు. ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 100 మందికి పైగా మామూలు జనాన్ని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా, కాల్చి చంపారు. ఆవిడ కుటుంబం నేలమాళిగలో బంగాళాదుంపల మధ్య దాక్కుంది. ఆ సంగతి ఆవిడ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, బస్టాపులో నిలబడి, చాలా మామూలు గొంతుతో. యుద్ధం అయ్యాక మళ్ళీ మొదటిసారి ఆ తెల్లబట్టల వేషగాళ్ళు గుంపుగా వీధిలోకి వచ్చినప్పుడు ఆ అడుగుల చప్పుడుకి ఆవిడ మళ్ళీ నేలమాళిగలోకి పరిగెత్తిందట. వాళ్ళ నాన్న వచ్చి, ఒక రంగు కాగితం ముక్క ఆవిడ నాలుక మీద పెట్టి, "చూడు, కాగితమే" అన్నాడట. బస్సు వచ్చింది, ఎక్కేశాం. నేను ఇంకేమీ అడగలేదు.

రెండో ఏడాది కూడా వెళ్ళాం. మూడో ఏడాదికి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు బాగా ముదిరాయి, మెట్లు దిగడమే కష్టమైంది. "నువ్వు వెళ్ళు, వచ్చి చెప్పు" అంది. ప్లాస్టిక్ సంచిలో రెండు ఉడికించిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె పెట్టిచ్చింది, అంత దూరం ప్రయాణం అన్నట్టు. గంట ప్రయాణం.

ఒక్కణ్ణే నిలబడ్డాను. ఊరేగింపు వచ్చింది, పిల్లలు కోట్ల వెనక్కి దూరారు, వీధి తెల్లబడింది. నేను ఎవరి మొహమూ చూడలేదు, బూట్లే చూశాను. చాలాసేపటికి నల్ల దారం కుట్లు కనపడ్డాయి. ఆయన నా ముందు ఆగాడు. చేప ఆడించలేదు, బుడ్డతో కొట్టలేదు. నా పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు ఆ ఎర్రముక్కు తిప్పి చూశాడు, కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చెయ్యి సంచిలో పెట్టి గుప్పెడు రంగు ముక్కలు తీసి, నా మీద జల్లకుండా నా కోటు జేబులో కుక్కాడు. ఇంకో గుప్పెడు. మూడో గుప్పెడు. జేబు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, గుర్రుమని, గుంపులో కలిసిపోయాడు.

ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. మదామ్ వంటింట్లో లైటు వేసుకుని కూర్చునుంది. కోటు దగ్గరికి లాక్కుని ముందు కాలర్ వాసన చూసింది. "ఈసారి చేప తగల్లేదా?" అంది కొంచెం నిరాశగా. నేను జేబు టేబుల్ మీద బోర్లించాను. ఎవరిచ్చారో చెప్పలేదు, పలకరిస్తే వేషం పోతుందని ఆవిడే కదా చెప్పింది. ఆవిడ చేత్తో ఆ కుప్పని అటూ ఇటూ కదిపింది, గుప్పిట నిండా తీసుకుని, తన నెత్తిమీద తనే పోసుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్తూ కిందకి దిగితే ఆవిడ స్టవ్ దగ్గర పాలు కాస్తోంది. తెల్లజుట్టులో, చెవి వెనక, ఒక పచ్చ కాగితం ముక్క అలాగే ఉంది. నేను చెప్పలేదు.